మా సావిట్లో కోటిపల్లి రైలు

మా ఊరి పేరుకు ముందున్న "ఐ" అన్న అక్షరం చూసి, అదెవరి ఇంటిపేరో అనుకునేవారున్నారు. ఐలెండు పోలవరం అన్నది దాని విప్పు. అంటే లంక పోలవరం అన్నమాట. అటు గౌతమి, ఇటు వృద్ధగౌతమి, నడుమ కొబ్బరితోటల్లో మేము. 2002లో యానాం – ఎదుర్లంక వంతెన తెరిచేవరకు, యానాం వెళ్ళాలన్నా, ఆపైన కాకినాడ వెళ్ళాలన్నా, రేవులో పంటు కోసం కాచుకు కూర్చోవలసిందే. వంతెన వచ్చాక బస్సులు వచ్చాయి, కార్లు వచ్చాయి, పెళ్ళివారి వానులు వచ్చాయి. రైలు మాత్రం రాలేదు. వచ్చే దారీ లేదు.

అటువంటి ఊళ్ళో, మా ఇంటి సావిట్లో, కిటికీ కింద, రోజూ సాయంత్రం నాలుగు గంటలకు ఒక రైలు నడుస్తోంది. దాని రాజ్యమంతా కలిపి మూడడుగుల పొడవు, పది అంగుళాల వెడల్పు. ఇంజను నా బొటనవేలంత. టిక్కెట్టు లేదు, గార్డు లేడు. ఆలస్యం మాత్రం అప్పుడప్పుడూ ఉంటుంది, కరెంటు పోయినప్పుడు.

ఇంత చిన్న రైలు కట్టడంలో ఉన్న కష్టసుఖాలు నలుగురితో చెప్పుకుంటే, సెలవుల్లో పిల్లలతో ఏం చెయ్యాలో తోచనివారికి పనికివస్తుందని ఇది రాస్తున్నాను. పనిలో పనిగా నేను చేసిన పొరపాట్లు కూడా చెబుతాను. అవి దాచి మిగతాదంతా చెబితే ప్రయోజనం లేదు.

అమ్మ ఎక్కిన రైలు

మా అమ్మకు ఇప్పుడు 92 ఏళ్ళు. పుట్టిల్లు ముక్తేశ్వరం దగ్గర. 1939లో, ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, కాకినాడలో పెద్దమ్మగారింట్లో పెళ్ళికని మా తాతగారు ఆమెను పడవలో గోదావరి దాటించి, కోటిపల్లిలో రైలెక్కించారట. ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా కాకినాడ. కిటికీలోంచి తల బయట పెట్టడం, బొగ్గునలుసు కంట్లో పడటం, తాతగారు కండువా కొసను నోటితో ఊది వెచ్చచేసి కంటికి అద్దడం, ఇవన్నీ నిన్నో మొన్నో జరిగినట్టు చెబుతుంది. మా చిన్నతనంలో మేము అన్నం తినమని మారాం చేస్తే ఆమె చెప్పే కథ ఇదే. రాజకుమారుడూ, ఏడు సముద్రాలూ మా ఇంట్లో చెల్లేవి కావు.

ఆ రైలు కథ మరీ చిన్నది. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో లైను వేశారు. 1940లో యుద్ధావసరాలకని పట్టాలు పీకేశారు. అంటే మా అమ్మ ఎక్కిన మరుసటి ఏడే ఆ రైలు లేకుండా పోయింది. తరువాత 64 ఏళ్ళకు, 2004లో, సుమారు 45 కిలోమీటర్ల ఆ దారిని మళ్ళీ వేసి తెరిచారు. దానిమీద ఒంటరి పెట్టెలాంటి రైలుబస్సు ఒకటి తిరగసాగింది.

అమ్మకు అప్పటికి 71. చక్కగా తిరుగుతోంది. "ఒరే నాన్నా, ఒక్కసారి ఆ రైలెక్కించరా" అని అడిగింది. సరే అన్నాను. ఎండలు తగ్గనీ అన్నాను. కోతలు కానీ అన్నాను. పిల్లవాడి పరీక్షలు కానీ అన్నాను. ఆమె రెండుసార్లో మూడుసార్లో అడిగి ఊరుకుంది. కోటిపల్లి ఏమంత దూరమని? ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళవచ్చు అనుకున్నవాణ్ణి, ఎప్పుడూ తీసుకువెళ్ళలేదు. ఇంతలో ఆమె మోకాళ్ళు మొరాయించాయి. ఇప్పుడు సావిట్లోంచి వీధి అరుగు దాకా రావడమే ఆమెకు ప్రయాణం.

ఈ సంగతి నిరుడు వేసవిలో మా మనవరాలి చెవిని పడింది. హైదరాబాదులో చదువుకునే పిల్ల, తొమ్మిదేళ్ళది. కాసేపు ఆలోచించి, "తాతయ్యా! తాతమ్మ రైలు దగ్గరికి వెళ్ళలేకపోతే రైలే ఇక్కడికి రావాలి కదా?" అంది.

నవ్వేశాను కాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చిన్నదంటే ఎంత చిన్నది?

బొమ్మరైలు వేరు, నమూనారైలు వేరు. బొమ్మరైలుకు కొలతలతో పనిలేదు. నమూనారైలులో ప్రతిదీ అసలుదానికి ఒకే నిష్పత్తిలో ఉండాలి. జర్మనీలోని మార్క్లిన్ కంపెనీవారు 1891లో లైప్జిగ్ సంతలో, ఒకదానికొకటి అతికే పట్టాలను నిర్ణీతమైన వెడల్పులతో ప్రదర్శించారు. అప్పటినుంచి ఈ సరదాకు ఒక శాస్త్రం ఏర్పడింది.

ఇందులో మహారాజులూ ఉన్నారు. గ్వాలియరు మహారాజావారి భోజనాల బల్లమీద వెండిరైలు తిరుగుతూ అతిథులకు చుట్టలూ, పానీయాలూ అందించేది. ఇప్పటికీ జైవిలాస్ భవనంలో దాన్ని చూడవచ్చు. పుణేలో జోషీగారి చిన్నరైళ్ళ మ్యూజియం 1998లో వెలిసింది. 2001లో హాంబర్గులో తెరిచిన ప్రదర్శన ప్రపంచంలోకెల్లా పెద్దది. ఇవన్నీ చదివి బెదిరిపోకండి. అమెరికాలో కార్ల్ ఆరెంట్ అనే ఆయన దీనికి తిరగబడ్డ దారి పట్టాడు. మూడు నాలుగు చదరపుటడుగులకు మించని రైల్వేలను ఊరూరా సేకరించి, అందరికీ చూపించి, చిన్న ఇంట్లోనూ రైలు పడుతుందని చాటాడు. మాది రెండున్నర చదరపుటడుగులు. అంచేత ఆ కులంలో మేమూ చేరాము.

ఎక్కువమంది వాడేది హెచ్.ఓ. అనే కొలత. అసలుదానిలో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. అంతకంటె చిన్నది ఎన్ గేజి. పట్టాల మధ్య తొమ్మిది మిల్లీమీటర్లు. తొమ్మిదికి ఇంగ్లీషులోనూ, జర్మనులోనూ మొదటి అక్షరం ఎన్ కాబట్టి ఆ పేరు. 1960 దశకం తొలినాళ్ళలో జర్మనీలో ఆర్నాల్డు కంపెనీవారు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. 1972లో మార్క్లిన్‌వారు జడ్ గేజి తెచ్చారు, అది ఆరున్నర మిల్లీమీటర్లే. ఈ శతాబ్దంలో జపానువారు మూడు మిల్లీమీటర్ల పట్టాలు కూడా చేశారు. దానిమీద రైలు నడుస్తుంటే చీమలబారు అనుకుని మా ఆవిడ పసుపు చల్లుతుందని భయపడి, ఎన్ గేజి దగ్గర ఆగిపోయాను.

ఎన్ గేజి రైళ్ళు సాధారణంగా అసలుదానిలో 160వ వంతు. ఇక్కడ మనదేశపు చిక్కు ఒకటుంది. మన పెద్దలైను వెడల్పు 1676 మిల్లీమీటర్లు. దాన్ని 160తో భాగిస్తే పదిన్నర వస్తుంది. అంగట్లో దొరికే పట్టాలు తొమ్మిది. అంటే మన రైలు మిల్లీమీటరున్నర ఇరుకు పట్టాలమీద నడుస్తుందన్నమాట. అసలు వెడల్పు కావాలంటే పట్టాలు చేతితో వేసుకుని, చక్రాలు కూడా జరుపుకోవాలి. నాకంత ఓపిక లేదు. మిల్లీమీటరున్నర అబద్ధానికి మా అమ్మ దగ్గర క్షమాపణ దొరుకుతుందని ధైర్యం చేశాను.

ఏది వదిలెయ్యాలి?

మొదట నాకు పెద్ద ఆశలే పుట్టాయి. గోదావరి అంటే వంతెన ఉండాలి గదా! రాజమండ్రి పాతవంతెన కడదామనుకున్నాను. 1997లో విశ్రాంతి తీసుకున్న హేవలాక్ వంతెనకు 56 అంకణాలు. ఒక్కొక్కటి 150 అడుగులు. కాగితం మీద లెక్క వేశాను. 160వ వంతుకు కుదిస్తే ఒక్క అంకణం పదకొండుంపావు అంగుళాలు. అన్నీ కలిపితే యాభై రెండున్నర అడుగులు. మా సావిడి దాటి, పెరడు దాటి, పక్కవారి గొడ్లసావిట్లోకి పోతుంది. కాకినాడ – కోటిపల్లి లైను మొత్తం కట్టాలన్నా 280 మీటర్లు కావాలి.

అప్పుడు తెలిసింది, చిన్నరైలు కట్టడమంటే ఏమేమి పెట్టాలా అని ఆలోచించడం కాదు, ఏమేమి వదిలెయ్యాలా అని ఆలోచించడమని. ఊరంతా వదిలేసి స్టేషను ఉంచుకోవాలి. స్టేషనులోనూ సగం వదిలేసి ఒక మూల ఉంచుకోవాలి. ఆ మూల చూడగానే మిగతాది చూసేవారి మనస్సులో లేవాలి.

మనవరాలిని వెంటబెట్టుకుని ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లి వెళ్ళాను. అమ్మను తీసుకువెళ్ళని దారిలో ఆ పిల్లను తీసుకువెళుతుంటే మనస్సు ఎలాగో అయింది. కాని అక్కడ నిలబడి చూసేసరికి నా చిక్కు విడిపోయింది. కోటిపల్లి చివరి స్టేషను. పట్టాలు వచ్చి వచ్చి ఆగిపోతాయి. ముందున్నది గోదావరి. ఇటువంటి కొస స్టేషను చిన్నపలకకు పెట్టిపుట్టింది. గుండ్రంగా తిరగనక్కరలేదు. రైలు ఒకవైపునుంచి వస్తుంది, ఆగుతుంది, మళ్ళీ అటే పోతుంది. వలయం వెయ్యాలంటే ఎన్ గేజిలో కూడా అడుగుకు పైగా వెడల్పు కావాలి. వచ్చిపోయే స్టేషనుకు అరచెయ్యి వెడల్పు చాలు.

పలక, పట్టాలు, ఇసుక

మా నాన్నగారి పెళ్ళినాటి పందిరిమంచం తలవైపు టేకు పలక అటకమీద పడి ఉంది. వడ్రంగిచేత చిత్రిక పట్టించాను. కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. అంగట్లో దొరికే పలచని ప్లైవుడ్ వానాకాలంలో వంగి, పట్టాలు పాములవుతాయి. పాత టేకు కదలదు. కింద రెండు అడ్డకర్రలు బిగిస్తే చాలు.

పట్టాలూ, ఒక చిన్న ఆవిరింజను రూపంలోని ఇంజనూ, రెండు పొట్టి పెట్టెలూ, కొన్ని గూడ్సు పెట్టెలూ, పట్టాలు చీలేచోట వేసే పాయింట్లు రెండూ హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి తెప్పించి పంపాడు. కొనవలసినవి అంతే. ఖర్చంతా వీటికే. మిగతావన్నీ పెరట్లోనూ, వంటింట్లోనూ ఉన్నాయి.

కరెంటు సంగతి చెబుతాను. ఇది పన్నెండు వోల్టుల వ్యవహారం, పిల్లలు ముట్టుకున్నా భయం లేదు. రెండు పట్టాలకూ రెండు తీగలు. చక్రాల మీదుగా కరెంటు ఇంజనులోని మోటారుకు పోతుంది. పంకా రెగ్యులేటరులా ఒక మీట తిప్పితే వేగం, తిరగేస్తే వెనక్కి. గోడలోని కరెంటును పన్నెండుకు దించే పెట్టె మాత్రం మంచిది కొనండి. ఇంట్లో అతకడానికి ప్రయత్నించకండి.

పట్టాల మధ్య కంకరకు గోదావరి ఇసుక తెచ్చాము. మనవరాలు టీ వడపోసే జల్లెడతో మూడుసార్లు జల్లించింది. (జల్లెడ పోయిన సంగతి మా ఆవిడకు మర్నాడు తెల్లవారి తెలిసింది.) పట్టాల మధ్య సన్నగా పోసి, ఫెవికాల్ నీళ్ళలో పలచన చేసి, మందుచుక్కలు వేసే గొట్టంతో వదిలాము. ఎండాక అచ్చం కంకర వేసిన లైనే. చంకలు గుద్దుకున్నాము.

మూడోరోజున ఇంజను మూలిగి ఆగిపోయింది. విప్పి చూద్దును గదా, మోటారు అయస్కాంతానికి నల్లని గడ్డంలా ఏదో పట్టుకుని ఉంది. గోదావరి ఇసుకలో నల్లని ఇనుపరేణువులు కలిసి ఉంటాయి. అవి ఒక్కొక్కటే ఎగిరి లోపలికి చేరాయి. ఇసుకంతా గీకి పారేసి, మళ్ళీ తెచ్చి, ఈసారి కాగితం మీద పరిచి, పాత స్పీకరులోని అయస్కాంతంతో పదిసార్లు దువ్వాము. గుప్పెడు ఇసుకకు చిటికెడు నల్లపొడి వచ్చింది. మీరు ఎక్కడి ఇసుక వాడినా సరే, ముందు అయస్కాంతం పెట్టి చూడండి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే నా వ్యాసం చదివినందుకు గిట్టుబాటే.

చెట్ల సంగతి మా వాళ్ళకు చెప్పాలా? ఇరవై మీటర్ల కొబ్బరిచెట్టు 160వ వంతులో పన్నెండున్నర సెంటీమీటర్లు. కొబ్బరి ఈనెకు నూలుదారం చుట్టి, జిగురు రాసి, బూడిద అద్దితే మాను. పచ్చకాగితాన్ని కత్తెరతో సన్నగా దువ్వెనలా కత్తిరిస్తే మట్ట. కొబ్బరిపొట్టు నేల. ఇక కాయలు! డొక్కతో ఉన్న కొబ్బరికాయ పాతిక సెంటీమీటర్లనుకుంటే, నిష్పత్తి ప్రకారం మిల్లీమీటరున్నర. అంటే సరిగ్గా ఆవగింజ. మనవరాలు పోపులపెట్టె తెచ్చుకుని కూర్చుని, రెండు గూడ్సు పెట్టెలనిండా కొబ్బరికాయలు ఎగుమతి చేసింది.

పుస్తకం నేర్పిన తెలివి

పలకమీద పట్టాలు ఎలా పరవాలి అన్న ప్రశ్నకు నేను పుస్తకాలు వెదికాను. ఇంగ్లండులో అలన్ రైట్ అనే ఆయన కల్పించిన "ఇంగిల్‌నుక్" అనే ఏర్పాటు నన్ను పట్టేసింది. మూడు లైన్లు. ఒకదానిలో అయిదు గూడ్సు పెట్టెలు పడతాయి, మిగతా రెంటిలో మూడేసి. మూడూ కలిసే మొదటి లైనులో ఇంజనూ, మూడు పెట్టెలూ పడతాయి. ఉన్న పెట్టెలు ఎనిమిది. చీట్లు తీసి, వచ్చిన అయిదింటినీ, వచ్చిన వరుసలోనే పెద్దలైనులో నిలబెట్టాలి. రెండే పాయింట్లు. చూస్తే చిన్నపిల్లల ఆట. లెక్కకడితే ఎనిమిదింటిలోంచి అయిదింటిని వరుసగా పేర్చే తీరులు 6,720. రోజుకొకటి ఆడితే పద్ధెనిమిదేళ్ళు దాటుతుంది. చదరంగం ఆడేవారికి ఇది బాగా నచ్చుతుంది.

నాకూ నచ్చింది. ఇంత తక్కువ స్థలంలో ఇంత ఆట మరేదీ ఇవ్వదు. ఇంకేముంది, కోటిపల్లిని ఇంగిల్‌నుక్‌గా మార్చి పట్టాలు బిగించేశాను. ముప్ఫయి అంగుళాలు స్టేషను, నాలుగంగుళాలు గోదావరి, చివర రెండంగుళాలు మన ఒడ్డు, ఆ ఒడ్డున మూడు కొబ్బరిచెట్లు. గోదావరికి ఏ రంగు వెయ్యాలో తెలియక అమ్మను అడిగాను. "వరద రోజులు కావురా. మాఘమాసం పెళ్ళి. నీళ్ళు పచ్చగా, తేటగా ఉన్నాయి" అంది. పచ్చరంగు వేసి పైన మూడుపూతలు వార్నిష్ పూశాను.

అమ్మ అడిగిన ప్రశ్న

నాలుగు వారాల తరువాత ఒక సాయంత్రం అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, పలకమీది దుప్పటి తీశాము. ఇంజను వెనుకకు తన్నుకుంటూ రెండు పెట్టెలను స్టేషనులోకి తోసుకువచ్చింది. ఆగింది. మనవరాలు చప్పట్లు కొట్టింది.

అమ్మ చాలాసేపు వంగి చూసింది. కొబ్బరిచెట్లను వేలితో తాకింది. ఆవగింజలు చూసి నవ్వింది. తరువాత, "ఇంజను ఈ పక్కకి రాదేం?" అని అడిగింది.

"ఏ పక్కకమ్మా?"

"గోదారి పక్కకి. కాకినాణ్ణించి తిరిగొచ్చినప్పుడు ఇంజను ముందుండి లాక్కొచ్చిందిరా. ఆగాక ఇంజనొకటీ ఊడదీశారు. అది గోదారి వైపెళ్ళి, మళ్ళీ మా పెట్టె పక్కనించే వెనక్కి పోయింది. మమ్మల్నొదిలేసి వెళ్ళిపోతోందని నేను ఏడ్చాను. మా నాన్న నన్ను ప్లాటుఫారం మీద ఎత్తుకుని, 'పిచ్చిదానా, మొహం అటు తిప్పుకుంటోంది, అంతే' అన్నాడు."

ఈ ముక్క ఆమె మాకెప్పుడూ చెప్పలేదు. బొగ్గునలుసు కథ వందసార్లు విన్నాను. ఏడ్చిన కథ ఇదే మొదటిసారి.

నేను మాట్లాడలేదు. నా ఏర్పాటులో ఇంజను ఎప్పుడూ పెట్టెలకు ఒకే పక్క ఉంటుంది. ఇంకో పక్కకు రావడానికి దారే లేదు. ఏది వదిలెయ్యాలో నాకు బాగా తెలుసునని గర్వపడ్డాను. వదిలేసినది ఆమెకు కావలసిన ఒక్కటే. ముందు ఆమెను అడిగి ఉంటే సరిపోయేది. నది రంగు అడిగాను గాని, రైలు సంగతి అడగలేదు. పుస్తకాన్ని అడిగాను.

మర్నాడు పట్టాలు విప్పాను. మనవరాలి సెలవులు ఇంక పదిరోజులే ఉన్నాయి. అదృష్టమేమంటే, ఇంగిల్‌నుక్‌కు వాడిన పాయింట్లు ఒకటి ఎడమకు చీలేది, ఒకటి కుడికి చీలేది. వాటినే ఎదురెదురుగా పెడితే రెండు లైన్లు విడిపోయి మళ్ళీ కలుస్తాయి. ఎడమ కొసన రైలు నిలిచే దారి 24 సెంటీమీటర్లు, పాయింటు 12, రెండు పొట్టి పెట్టెలు పట్టే జంటలైను 18, మళ్ళీ పాయింటు 12, గోదావరి ఒడ్డున ఇంజను ఒక్కటీ నిలిచే తోక 8. మొత్తం 74 సెంటీమీటర్లు. ముప్ఫయి అంగుళాలలో వేలెడు మిగిలింది. కొత్తగా ఒక్క పైసా ఖర్చు కాలేదు. 6,720 ఆటలు మాత్రం పోయాయి. పోతే పోనీ.

ఇప్పుడు రైలు ఇంజను ముందుండగా వస్తుంది. తోకలోకి ఇంజను దూరి ఆగుతుంది. పెట్టెకూ ఇంజనుకూ మధ్య కొక్కెం ఊడదీయడానికి కొబ్బరి ఈనె పుల్ల కొస చెక్కి పెట్టుకున్నాము. ఇంతకంటె మంచి పనిముట్టు ఏ దేశంలోనూ లేదు. ఊడిన ఇంజను పక్కలైనులోంచి పెట్టెలను దాటుకుంటూ వెనక్కిపోయి, రెండోపక్క తగులుకుంటుంది. పట్టుమని అరనిమిషం పని.

ఆ అరనిమిషం అమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. ఇంజను పెట్టెలను దాటిపోతున్నప్పుడు ఆమె చెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. రెండోపక్క "టిక్కు" మని తగులుకోగానే వదిలింది. "ఆఁ, అంతే" అంది. ఇంకేమీ అనలేదు. మళ్ళీ ఒకసారి నడపమంది. చీకటి పడేదాకా నడిపాము.

వంతెన ఉండాలా, వద్దా?

ఇంకో తగువు మిగిలింది. మనవరాలికి గోదావరిమీద వంతెన కావాలి. "రైలు మన ఒడ్డుకు రావద్దా తాతయ్యా?" అంటుంది. దాని మాటా కాదనలేము. కోటిపల్లి – నరసాపురం లైను 2000–01 రైల్వే బడ్జెట్టులో మంజూరయింది. సుమారు 57 కిలోమీటర్లు. అమలాపురం, రాజోలు మీదుగా పోవాలి, గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలనూ దాటాలి. దాని వెనుక పట్టుదల జి.ఎం.సి. బాలయోగిగారిది. ఆయనది మా మండలంలోని ఎదుర్లంకే. మా లంకల్లో పుట్టి లోక్‌సభ స్పీకరయిన మనిషి, 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. యానాం వంతెనకు ఆయన పేరే పెట్టారు. రైలువంతెన స్తంభాలు గౌతమిలో లేచాయి. మేము పంటుమీద వెళ్ళిన రోజున మనవరాలు వాటిని వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ వచ్చింది.

కాని అమ్మ ఒప్పుకోదు. "నేనెక్కినప్పుడు గోదాట్లో స్తంభాల్లేవు. పడవుంది" అంటుంది. 1939లో 2000 సంవత్సరపు స్తంభాలు ఎలా పెడతారన్నది ఆమె అభ్యంతరం. న్యాయమే కదా!

చివరకు వడ్రంగి తీర్పు చెప్పాడు. గోదావరిలో నాలుగు సన్నని బెజ్జాలు వేశాడు. మనవరాలు ఉన్నప్పుడు వాటిలో తెల్ల సుద్దముక్కలు నిలబెడతాము, అవి స్తంభాలు. అమ్మ రైలు చూసేటప్పుడు అవి తీసి, జీడిపిక్కంత పడవ పెడతాము. ఇద్దరూ ఒకేసారి కూర్చుంటే ఏం చెయ్యాలన్నది ఇంకా తేలలేదు. కిందటి సంక్రాంతికి పడవను రెండు స్తంభాల మధ్యనుంచి పోనిచ్చి గట్టెక్కాను.

ఇటువంటిది మీరూ కట్టదలిస్తే ఒకటి రెండు మాటలు. పట్టాలను వారానికోసారి పెన్సిలు రబ్బరుతో తుడవండి. మా ఉప్పుగాలిలో రెండు రోజులు వదిలేస్తే మసిపట్టి ఇంజను మొరాయిస్తుంది. పలకకు దుప్పటి కప్పి ఉంచండి. అన్నిటికంటె ముందు, ఎవరికోసం కడుతున్నారో వారిని కూర్చోబెట్టుకుని తీరిగ్గా అడగండి, చెప్పిందంతా వినండి. కొలతలు ఆ తరువాత చూసుకోవచ్చు.

మీట తిప్పడం ఇప్పుడు అమ్మ కూడా నేర్చింది. మొదటిరోజున గట్టిగా తిప్పేసరికి ఇంజను తోక దాటి వెళ్ళి గోదావరిలో పడింది. నేను కంగారుపడి తీయబోతే, "ఉండరా, పంటు వస్తుంది" అంది.

పలక పని ముగించేటప్పుడు అదే టేకులోంచి ఆరంగుళాల ముక్క ఒకటి మిగిలింది. మిగతా చెక్కతో పీట చేస్తానన్నాడు వడ్రంగి. ఆ ముక్క మాత్రం ఇవ్వనన్నాను. కాగితంలో చుట్టి, మీద "అవతలి ఒడ్డు" అని మనవరాలిచేత రాయించి అటకమీద పెట్టాను. అసలు వంతెన మీద మొదటి రైలు గౌతమి దాటిన రోజున దాన్ని దింపుతాను. ఆ రోజున అమ్మను కారులో ముక్తేశ్వరం తీసుకువెళ్ళి చూపించాలి. ఈసారి ఎండలని గాని, కోతలని గాని అననని ఆమెకు మాట ఇచ్చాను.